సెల్ఫ్ కొడితే ‘టిక్’ అని ఆగిపోతోందా? వానాకాలానికి ముందు లాన్ మోవర్ బ్యాటరీ సంగతి

సెక్రటరీ గారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు విల్లాల లేఔట్, మధ్యలో పెద్ద లాన్. కూర్చుని నడిపే పెట్రోల్ మోవర్ ఒకటుంది, మూలలకూ అంచులకూ లిథియం బ్యాటరీతో నడిచే చిన్నది ఒకటుంది. డిసెంబర్‌లో చివరిసారి కోశారు. ఇప్పుడు నాలుగు వానలు పడి గడ్డి లేచింది. పెద్దదానికి తాళం తిప్పితే ‘టిక్’ అని ఆగిపోతోంది. చిన్నదాని బ్యాటరీని ఛార్జర్‌లో పెడితే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. షాపతను ఏమీ చూడకుండానే రెండూ మార్చేయమన్నాడు, కమిటీలో ఖర్చు గురించి గొడవ నడుస్తోంది.

ఇప్పుడే డబ్బు తీయకండి. ‘టిక్’ అని వినిపించిందంటే బ్యాటరీలో ఎంతో కొంత ప్రాణం ఉన్నట్టే. పూర్తిగా దిగిపోయినది ఆ శబ్దం కూడా చేయదు. ఆ టిక్ సొలినాయిడ్‌ది, అంటే స్టార్టర్ మోటర్‌కు కరెంటు కలిపే స్విచ్‌ది, దానికి కొద్దిపాటి కరెంటు చాలు. ఆ తర్వాత స్టార్టర్ మోటర్ తిరగాలంటే ఒక్కసారిగా పదుల ఆంపియర్లు కావాలి. అక్కడ బ్యాటరీ చేతులెత్తేస్తోంది. కాకపోతే టెర్మినల్ దగ్గర తుప్పు పట్టి, అంత కరెంటు మోటర్ దాకా పోవడం లేదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా చెప్పాలంటే వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడాల్సిందే. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చవకగా దొరికే మామూలు మీటర్ సరిపోతుంది. లేఔట్ ఆఫీసులో ఒకటి ఉంచుకోండి, జనరేటర్ బ్యాటరీకీ పంపుసెట్టుకూ కూడా పనికొస్తుంది.

పనిలోకి దిగేముందు ఒక మాట. దీని గురించి నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాలవాళ్లు రాసుకున్నవి. చలికాలం రాగానే బ్యాటరీ తీసి ఇంట్లో వెచ్చగా పెట్టమంటారు, వసంతంలో తీసి ఛార్జ్ చేయమంటారు. ఛార్జ్ లేని బ్యాటరీలో ద్రవం గడ్డకట్టి డబ్బా పగిలిపోతుందని వాళ్ల భయం, అక్కడ అది నిజమే. బెంగళూరులో ఆ గొడవ లేదు. ఇక్కడ బ్యాటరీని తినేది ఎండ. డిసెంబర్ నుంచి వానలు ఉండవు, గడ్డి మందగిస్తుంది, మార్చికల్లా ట్యాంకర్ల లెక్కలు మొదలవుతాయి. 2024 మార్చిలో తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయల జరిమానా అని నగర నీటి సరఫరా బోర్డు బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ ఉత్తర్వు ఇచ్చింది గుర్తుందా, ఆ ఏడాది ఎన్నో లేఔట్లలో లాన్లు ఎండిపోయాయి, మెషిన్లు మూలన పడ్డాయి. సరిగ్గా ఆ నెలల్లోనే షెడ్ రేకులు కాలిపోతుంటాయి. చల్లటి ఊరని పేరే గానీ 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. రేకుల షెడ్ లోపల అంతకంటే ఎక్కువే ఉంటుందని వేరే చెప్పాలా?

మీ పెద్ద మోవర్‌లో ఉండేది లెడ్ యాసిడ్ రకం. పక్కన ఊరికే పెట్టిన లెడ్ యాసిడ్ బ్యాటరీ తనంతట తాను దిగిపోతూ ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆ దిగడం సుమారుగా రెట్టింపు అవుతుంది. దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద ఏర్పడిన లెడ్ సల్ఫేట్ మెల్లగా గట్టిపడుతుంది. కొత్తగా ఏర్పడిన సల్ఫేట్ ఛార్జింగ్ పెడితే కరిగిపోతుంది. నెలల తరబడి ఉండి పెద్ద పలుకులుగా మారినది కరగదు, అది కప్పేసిన మేర ప్లేటు పనిచేయదు. డిసెంబర్‌లో బాగున్న బ్యాటరీ మేలో సగమైపోవడానికి అసలు కారణం ఇదే. మీ బ్యాటరీ ఎంతవరకు వచ్చిందో ఇప్పుడు చూద్దాం.

బండి తాళం తీసేసి, మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర పిన్ను ప్లస్ మీద, నల్లది మైనస్ మీద ఆనించండి. పిన్నులు వైరు క్లిప్పు మీద కాకుండా బ్యాటరీ సీసం మీదే తగలాలి. 12.6, ఆ పైన ఉంటే బ్యాటరీ నిండుగా ఉందన్నమాట, అప్పుడు తప్పు వైర్లలోనో సొలినాయిడ్‌లోనో ఉంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు ఉన్నట్టు లెక్క. 11.8 కంటే కింద అయితే ఖాళీ. సీల్డ్ ఏజీఎం రకమైతే (నీళ్లు పోసే పని లేకుండా మూసేసి వచ్చేది) నిండుగా ఉన్నప్పుడు 12.8 దాకా చూపిస్తుంది. మీరు చెప్పిన లక్షణాలకు మీటర్‌లో 11.5 నుంచి 12 మధ్య కనిపిస్తుందని నా అంచనా.

10.5 దగ్గర ఉంటే కొంచెం ఆగి ఆలోచించాలి. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. ఒక సెల్ పూర్తిగా పోతే మిగిలిన ఐదూ కలిసి ఇంచుమించు ఆ అంకే చూపిస్తాయి. అయినా ఛార్జింగ్ పెట్టి చూడకుండా తీర్పు చెప్పొద్దు, ఎందుకంటే మామూలుగా దిగిపోయినది కూడా ఆ అంకె దగ్గర ఉండొచ్చు. రాత్రంతా ఛార్జ్ చేసి, తీసి కొన్ని గంటలు పక్కన పెట్టాక కూడా 10.5 దగ్గరే నిలిస్తే అప్పుడు సెల్ పోయిందనుకోవచ్చు. ఇక దాని మీద పైసా పెట్టొద్దు.

బ్యాటరీని బండిలోంచి తీసే వరుస ముఖ్యం. ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. మైనస్ బండి బాడీకి కలిపి ఉంటుంది. అది తీయకుండా ప్లస్ నట్టు విప్పబోతే స్పానర్ రెండో కొస బాడీకి తగిలిందంటే మంట లేస్తుంది. ఉంగరం, కడియం, లోహపు గడియారం తీసి జేబులో పెట్టుకోండి, మాలికీ అదే చెప్పండి. సీటు కింద ఇరుకు చోటు కాబట్టి ఈ ప్రమాదం కారులో కంటే మోవర్‌లోనే ఎక్కువ.

టెర్మినల్స్ మీద తెల్లగానో నీలం కలిసిన పచ్చగానో పొడి పేరుకుని ఉంటే గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి. బుసబుసమని పొంగుతుంది, అది ఆగేదాకా రుద్ది మంచినీళ్లతో కడిగి తుడవాలి. మూతలున్న బ్యాటరీ అయితే మూతలు గట్టిగా బిగించాకే ఈ పని. సోడా నీళ్లు లోపలికి పోతే యాసిడ్ బలం తగ్గుతుంది. తర్వాత వైరు కొసల్లోని రాగిని చూడండి. రబ్బరు తొడుగు కింద నల్లగా మారి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంటే ఆ వైరు మార్చాల్సిందే. ‘బ్యాటరీ పోయింది’ అని నా దగ్గరికి వచ్చే బళ్లలో చాలావాటికి ఇంతకుమించి జబ్బు ఉండదు. బిగించాక పైన పల్చగా వాజెలిన్ రాయండి. గ్రీజు రాసేవాళ్లున్నారు, దాంతో తప్పేమీ లేదు గానీ దుమ్మంతా అంటుకుంటుంది.

నీళ్ల సంగతి. సీల్డ్ రకమైతే ఈ పేరా వదిలేయండి. మూతలున్న రకమైతే తీసి చూడండి, ప్లేట్లు మునిగి ఉండాలి. బయటపడి కనిపిస్తుంటే అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జింగ్‌కు పెట్టండి. పై గీత దాకా నింపడం ఛార్జింగ్ అయ్యాక. ముందే నింపితే ఛార్జ్ అయ్యేటప్పుడు మట్టం పెరిగి యాసిడ్ బయటికి పొంగుతుంది. యాసిడ్ మాత్రం పోయకండి. ఎవరో ఒకరు ‘కొంచెం యాసిడ్ పోస్తే ఊపొస్తుంది సార్’ అంటారు, వినకండి. ఎండకు ఆవిరయ్యేది నీరు, యాసిడ్ లోపలే ఉంటుంది. బోరు నీళ్లు, కావేరీ నీళ్లు, ఆర్వో నీళ్లు ఇవేవీ వద్దు. ఆర్వో నీళ్లు శుభ్రమైనవే కదా అని చాలామంది అడుగుతారు. తాగడానికి శుభ్రమే, కానీ వాటిలో మిగిలిన లవణాలు ప్లేట్లకు పడవు.

ఇక ఛార్జింగ్. ఎక్కువ బ్యాటరీలు ఇక్కడే చెడతాయి, కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తాను. నియమం చిన్నదే: బ్యాటరీ మీద రాసిన ఆంపియర్ అవర్స్‌లో పదో వంతు కరెంటు. మీ మోవర్‌లో 28 ఏహెచ్ ఉంటే మూడు ఆంపియర్లకు మించకూడదు. ఖాళీ బ్యాటరీ ఆ లెక్కన నిండటానికి పన్నెండు గంటల పైనే పడుతుంది, పట్టనివ్వండి. మన లేఔట్లలో జరిగేదేమిటంటే, క్లబ్‌హౌస్‌లో పెద్ద ఇన్వర్టర్ కనబడుతుంది, ఎలక్ట్రీషియన్ దాని బ్యాటరీ వైర్లు తీసి మోవర్ బ్యాటరీకి తగిలిస్తాడు. ఆ ఇన్వర్టర్ 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కోసం చేసినది, పది ఆంపియర్లూ అంతకు పైనా తోస్తుంది. చిన్న బ్యాటరీకి అది సలసల కాగే ఛార్జింగ్. నీరు ఆవిరవుతుంది, ప్లేట్లు వంగుతాయి. రెండు గంటల్లో ‘ఫుల్’ అయిందని తీసి బిగిస్తారు, నెలకే మళ్లీ దిగుతుంది, అప్పుడు తిట్లు బ్యాటరీ కంపెనీకి.

బైకు, కారు బ్యాటరీలు రెంటికీ పనికొచ్చే ఆటోమేటిక్ ఛార్జర్ ఒకటి కొనుక్కోవడం మేలు. రెండు నుంచి నాలుగు ఆంపియర్లది చాలు. నిండే కొద్దీ అదే కరెంటు తగ్గించుకుని, 14.4 దాకా తీసుకెళ్లి, ఆ తర్వాత 13.5 దగ్గర నిలబెట్టుకుంటుంది. దానితో ఒక చిక్కుంది. బ్యాటరీ మరీ అడుగంటితే ఈ తెలివైన ఛార్జర్లు అక్కడ బ్యాటరీ ఉందనే గుర్తించవు. అప్పుడు దగ్గర్లోని బ్యాటరీ షాపులో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ‘స్లో ఛార్జింగ్, రాత్రంతా’ అని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే సాయంత్రానికి ఇచ్చేయాలని బూస్ట్ పెట్టేస్తారు.

ఛార్జ్ చేసే చోట గాలి ఆడాలి. లోపలి నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. పక్కనే పెట్రోల్ డబ్బా ఉన్న షెడ్‌లో, తలుపు వేసి, వాచ్‌మన్ బీడీ తాగుతుండగా ఛార్జింగ్ పెట్టే దృశ్యం నేను చాలా చోట్ల చూశాను. వద్దు. వరండాలో పెట్టండి. క్లిప్పులు తగిలించాకే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపాకే క్లిప్పులు తీయాలి. యాసిడ్ కంట్లో పడితే ఆగకుండా పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కట్టు కట్టి కూర్చోబెట్టకూడదు.

ఛార్జర్ తీయగానే మీటర్ పెడితే 13 చూపిస్తుంది, దాన్ని చూసి సంబరపడొద్దు. అది పైపై ఛార్జ్. ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి. 12.6 నిలిస్తే మంచిది. 12.3కి పడిపోతే సగం పోయినట్టు. మూతలున్న రకానికి హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది) ఉంటే ఇంకా మంచిది, ఒక్కో సెల్‌లోంచి ద్రవం లాగి చూడొచ్చు. అంకె ఎంత అన్నదానికంటే ఆరు సెల్స్ ఒకేలా ఉన్నాయా అన్నది చూడండి. ఐదు 1.250 చూపించి ఒకటి 1.150 దగ్గర ఉందంటే ఆ బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డాయి.

అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడు. బ్యాటరీ బిగించి, మీటర్ పిన్నులు ఒకరు పట్టుకుని చూస్తుండగా ఇంకొకరు తాళం తిప్పండి. తిరిగేటప్పుడు వోల్టేజ్ 10 పైన నిలిస్తే బ్యాటరీ గట్టిదే. 9.6 కిందికి పడితే, ముందు రోజే నిండా ఛార్జ్ చేసినదైతే, మార్చే వేళ వచ్చింది. వోల్టేజ్ 12.5 దగ్గరే కదలకుండా ఉండి మోటర్ తిరగకపోతే బ్యాటరీ నిర్దోషి. కరెంటు అసలు పోవడమే లేదు. అప్పుడు ఫ్యూజు, బాడీకి కలిపే మైనస్ బోల్టు, సొలినాయిడ్ వరుసగా చూడాలి. అసలు టిక్ కూడా లేకపోతే సేఫ్టీ స్విచ్చులు చూడండి. సీటు మీద మనిషి కూర్చోకపోయినా, బ్రేక్ పెడల్ తొక్కకపోయినా, బ్లేడు లివర్ వేసి ఉన్నా ఈ బళ్లు సెల్ఫ్ తీసుకోవు. కొత్త మాలికి ఎవరూ చెప్పక, పక్కన నిలబడి తాళం తిప్పి ‘బ్యాటరీ డౌన్’ అని రిపోర్టు ఇస్తుంటాడు.

కారు నుంచి వైర్లు వేసి స్టార్ట్ చేయొచ్చా అని కమిటీలో ఎవరో అడిగారన్నారు. చేయొచ్చు, కారూ 12 వోల్టులే. కారు ఇంజిన్ ఆపి ఉంచండి. ప్లస్‌కి ప్లస్, కారు మైనస్ నుంచి వచ్చే వైరును మోవర్ బ్యాటరీకి కాకుండా దూరంగా మోవర్ ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు తగిలించండి. ఆఖరి వైరు తగిలేటప్పుడు వచ్చే నిప్పురవ్వ బ్యాటరీ పక్కన లేకుండా ఉండటానికే ఇది. నీళ్ల ట్యాంకర్ లారీ గేటు దగ్గర ఉంది కదా అని దానికి మాత్రం కలపకండి, లారీలు 24 వోల్టులు. ఇంకో సంగతి, అలా స్టార్ట్ అయ్యాక అరగంట గడ్డి కోస్తే నిండిపోతుందనుకోవద్దు. చిన్న ఇంజిన్లలో కొన్ని మూడు ఆంపియర్లే ఇస్తాయి. ఇంజిన్ పూర్తి వేగంలో ఉండగా బ్యాటరీ మీద 13.5 నుంచి 14.5 దాకా కనిపించాలి. 13 దాటకపోతే ఛార్జింగ్ అందడం లేదు, 15 దాటితే వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ పాతదాని దారిలోనే పోతుంది.

మరో పాపం పెట్రోల్‌ది. డిసెంబర్ పెట్రోల్ ట్యాంకులో అలాగే ఉందా? ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపినది, అది గాలిలోని తేమ పీలుస్తుంది, నెలల తరబడి నిలవ ఉంటే కార్బ్యురేటర్‌లో జిగురు పేరుకుంటుంది. ఇంజిన్ అందుకోదు, మాలి తాళం తిప్పి పట్టుకునే ఉంటాడు, ఛార్జ్ చేసిన బ్యాటరీ పది నిమిషాల్లో మళ్లీ ఖాళీ. అందుకని పాతది తీసేసి తాజాది పోశాకే సెల్ఫ్ కొట్టండి. ఒకసారికి ఐదారు సెకన్లు, మధ్యలో అర నిమిషమైనా విరామం.

ఇక చిన్న మోవర్, ఎర్ర లైటు. లిథియం బ్యాటరీ జాతే వేరు, పైన చెప్పిన చాలా విషయాలు దీనికి వర్తించవు. దాని మీద 36 వోల్టులని ఉన్నా 40 అని ఉన్నా లోపల సాధారణంగా పది సెల్స్ వరుస ఉంటుంది. ఒక్కోటి మామూలుగా 3.6, నిండినప్పుడు 4.2, అంటే మొత్తం 42. లోపల ఒక రక్షణ బోర్డు ఉంటుంది. ఎర్ర లైటు మిణుకుమనడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి వేడి. షెడ్‌లోంచి తెచ్చి వెంటనే పెడితే ఛార్జర్ ఒప్పుకోదు. చాలా ప్యాక్‌లు 40, 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ తీసుకోవు. ఇంట్లో ఫ్యాను కింద గంటసేపు పెట్టి మళ్లీ చూడండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. కాంటాక్టులను పొడి గుడ్డతో తుడవండి. మిణుకు వేగాన్ని బట్టి అర్థం మారుతుంది, అది మీ మోడల్ మాన్యువల్‌లోనే ఉంటుంది. వేడికి ఒక రకం, లోపానికి ఒక రకం పెడతారు.

రెండో కారణం బ్యాటరీ అడుగంటడం. డిసెంబర్‌లో చివరి కోతకు మోవర్ ఆగిపోయేదాకా వాడి అలాగే మూలన పెట్టి ఉంటే, మిగిలిన కొంచెమూ ఈ నెలల్లో కారిపోయి ఉంటుంది. కొన్ని ఛార్జర్లు ఇలాంటి ప్యాక్‌లకు మొదట చాలా తక్కువ కరెంటు ఇచ్చి లేపే ప్రయత్నం చేస్తాయి. అరగంట అలాగే ఉంచి, తీసి, మళ్లీ పెట్టి చూడండి. లేస్తే గుడ్డిలో మెల్ల, లేవకపోతే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

యూట్యూబ్‌లో ఒక చిట్కా తిరుగుతోంది, ఇంకో నిండు బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి నేరుగా అంటిస్తే ప్యాక్ లేస్తుందని. లేస్తుంది కూడా. అందుకే ప్రమాదం. లిథియం సెల్ మరీ కిందికి దిగి చాలాకాలం ఉంటే లోపలి రాగి రేకు కొంత కరుగుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ అవుతుంది. అది ఆ నిమిషంలోనే జరగాలని లేదు, రాత్రి ఛార్జింగ్‌లో ఉండగా జరగొచ్చు. రక్షణ బోర్డు ‘వద్దు’ అంటోందంటే దానికి కారణం ఉంది. ఉబ్బిన ప్యాక్, కింద పడి పగిలిన ప్యాక్, వాన నీళ్లలో నానిన ప్యాక్ ఛార్జర్ దగ్గరికే పోకూడదు.

సెల్స్ మార్చి ఇస్తామనే చిన్న షాపులూ ఉన్నాయి. ఒకేలాంటి సెల్స్ ఏరి, స్పాట్ వెల్డింగ్ చేసి, పాత బోర్డుకు సరిపోయేలా కట్టే పనిమంతులు లేకపోలేదు. కానీ మోవర్ తడి గడ్డిలో లాగే కరెంటు ఎక్కువ. టార్చిలైటుకో పవర్ బ్యాంకుకో సరిపోయే చవక సెల్స్ దీనిలో వేడెక్కుతాయి. ఏ సెల్స్ వేస్తున్నారో, అవి ఎంత కరెంటుకు తట్టుకుంటాయో చెప్పలేని షాపులో నేనైతే ఇవ్వను.

బ్యాటరీ బాగుపడినా మొదటి కోత రోజు ‘ముందులా రావడం లేదు’ అంటారు. 36 వోల్టుల 4 ఏహెచ్ ప్యాక్‌లో ఉండేది 144 వాట్ అవర్స్. ఎత్తుగా, తడిగా పెరిగిన గడ్డి దాన్ని ఇట్టే తాగేస్తుంది. మొదటిసారి బ్లేడు ఎత్తు పెంచి పై నుంచి మూడో వంతే తీయండి, నాలుగైదు రోజులాగి కిందికి దించండి. గడ్డికీ అదే మంచిది, ఎండాకాలంలో బక్కచిక్కిన వేళ్లు ఒక్కసారి గొరిగితే తట్టుకోలేవు. బ్లేడుకు పదును పెట్టించండి. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, పీకుతుంది, మోటర్ ఎక్కువ లాగుతుంది. కింద డెక్‌కు, అంటే బ్లేడు మీది కప్పుకు, అంటుకున్న పాత గడ్డి పెచ్చులు కూడా గీకేయాలి. వీటికి చేయి పెట్టేముందు లిథియం ప్యాక్ బయటికి తీయాలి, పెట్రోల్ దానికైతే స్పార్క్ ప్లగ్ వైరు పీకాలి. పొద్దున మంచు ఆరాక, వాన పడి లేచిన రోజైతే మధ్యాహ్నం దాటాక కోయించండి. కోత అయ్యాక వేడిగా ఉన్న ప్యాక్‌ను తిన్నగా ఛార్జర్‌లో పెట్టకుండా చల్లారనివ్వాలి.

పెద్దదానికి చివరికి కొత్త బ్యాటరీ తప్పదనుకోండి. కొనేముందు పాతదాని కొలత, ఎత్తుతో సహా, టేపుతో కొలిచి రాసుకోండి. ప్లస్ ఏ వైపు ఉందో ఫోటో తీసుకోండి. మోవర్‌కు ప్రత్యేకంగా వచ్చేది దొరక్క చిన్న కారు బ్యాటరీ ఇరికిస్తుంటారు. ఎత్తు ఎక్కువైతే మనిషి కూర్చున్నప్పుడు సీటు కింది రేకు ప్లస్‌కు తగులుతుంది, పక్కనే పెట్రోల్ ట్యాంకు. వైర్లు సాగదీసి బిగించాల్సి వచ్చినా ఆ బ్యాటరీ మీకు కాదు. తయారీ నెల ఎక్కడుందో అడిగి చూసుకోండి, షాపులో ఏడాదిగా నిలవున్నది కొత్తదైనా పాతదే. కంపెనీ పేరు మీద నాకు పెద్ద పట్టింపు లేదు. మన తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ అని కొందరికి అభిమానం, ఎక్సైడ్ అని కొందరికి. నేను చూసేది తాజా సరుకా, వారంటీ కార్డు మీద తేదీ వేసి ముద్ర కొట్టారా అనే. పాతది వాపసు ఇస్తే ధర తగ్గిస్తారు, లోపల సీసానికి విలువ ఉంది, ఊరికే వదిలేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే, లిథియంవి కూడా అందులోకి వస్తాయి. చెత్త లారీలో మాత్రం వేయకండి, లారీలో నలిగితే లిథియం అంటుకుంటుంది.

వచ్చే డిసెంబర్‌కు ఏం చేయాలో కూడా ఇప్పుడే రిజిస్టర్‌లో రాసిపెట్టండి, అప్పటికి కమిటీ మారిపోతుంది. పెద్దదాని బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, బండిలోంచి తీసి, క్లబ్‌హౌస్‌లో నీడపట్టున పెట్టాలి. నెలకోసారి మీటర్ పెట్టి, 12.4కి దిగితే ఛార్జ్ చేయాలి. నేల మీద పెడితే దిగిపోతుందని చెక్క ముక్క వేస్తుంటారు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అది అక్కర్లేదు, వేసినా నష్టం లేదు. చిన్నదాని ప్యాక్ అందుకు పూర్తిగా వ్యతిరేకం, నిండుగా పెట్టకూడదు, ఖాళీగా పెట్టకూడదు. మీద ఉండే లైట్లలో సగం వెలిగేలా ఉంచి, మోవర్ నుంచి విడదీసి, ఆఫీసు బీరువాలో పెట్టండి. ఎండాకాలంలో నిండు ఛార్జ్‌తో వేడి షెడ్‌లో పడి ఉన్న లిథియం ప్యాక్ వాడకుండానే ముసలిదవుతుంది. రెండు నెలలకోసారి లైట్లు చూసి, తగ్గితే కాసేపు ఛార్జర్‌లో పెడితే చాలు.

ఇప్పటికైతే మూడు అంకెలు నాకు కావాలి: ఛార్జ్ చేయకముందు వోల్టేజ్, రాత్రంతా ఛార్జ్ చేసి ఇంకో రాత్రి వదిలాక వోల్టేజ్, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు పడింది. వాటితోపాటు బ్యాటరీ మీది స్టిక్కర్ ఫోటో, చిన్నదాని మోడల్ పేరు కూడా పెట్టండి. బ్యాటరీయా, సొలినాయిడా, వైరా అన్నది అప్పుడు తేల్చి చెప్తాను.